రాయి తీసినవాడు

కదలని బండి చెత్త కింద లెక్క అని మునిసిపాలిటీవాళ్ళు మా వీధి గోడకి కాగితం అంటించిన రోజే నాకు అర్థమైపోయింది, ఈ వేసవి మమ్మల్ని తిననిచ్చేదీ కాదు, పడుకోనిచ్చేదీ కాదని.

మా ఆయన మెకానిక్కు. ఇంటి ముందు భాగమే షెడ్డు. షెడ్డులో పట్టని బండ్లన్నీ వీధి వారన వరసగా పడి ఉండేవి. ఒకదానికి తలుపుల్లేవు, ఒకదానికి ఇంజిను లేదు, ఇంకోదానికి చక్రాలుండాల్సిన చోట ఇటుకలు. వాటి పొట్టలు కోసి తీసిన సామాన్లతోనే మిగతా బండ్లకి ప్రాణం పోసేవాడు. అన్నిటికన్నా పైన, వీధి వాలు మొదలయ్యే చోట, ఒక పసుపు వ్యాను ఉండేది. దానికి ఇంజినూ లేదు, బ్రేకు తీగా లేదు, చివరికి కూర్చోడానికి సీటు కూడా లేదు. చక్రాలు మాత్రం నాలుగూ ఉన్నాయి, అదీ మా ఖర్మ.

కాగితంలో ఉన్నదేమిటంటే, చక్రాలు లేని బండిని చూసిన వెంటనే క్రేనుతో ఎత్తుకుపోతారు. చక్రాలున్నదైతే వారం గడువు. ఆలోగా చోటు మారకపోతే అదీ చెత్తే. గోడ లోపల పెట్టుకున్నవాటి జోలికి రారట. గోడ లోపల అంత చోటే ఉంటే మేం వీధిలో ఎందుకు పెడతాం?

ఇది చూడ్డానికి ఒకాయన వచ్చేవాడు. టైరు మీద సుద్దతో ఒక గీత, సరిగ్గా దాని కిందే రోడ్డు మీద ఇంకో గీత. మళ్ళీ వచ్చేసరికి ఆ రెండూ ఎదురెదురుగానే ఉంటే బండి కదలనట్టే. వీధి మొత్తం ఆయన్ని సుద్దముక్క అనేది. పాపం, గట్టిగా మాట్లాడే మనిషి కూడా కాదు. “పైవాళ్ళు గియ్యమన్నారు, గీస్తున్నానమ్మా, నన్ను తిట్టుకోకండి,” అనేవాడు.

నిజం చెప్పాలంటే నాకు బండ్ల బెంగ లేదు. నా బెంగంతా మా మరిది గురించే. నేను కాపురానికి వచ్చేనాటికి వాడికి ఇంకా పాలపళ్ళు ఊడలేదు. నా చేతి ముద్ద తిని పెరిగాడు. పెరిగి ఏం లాభం, కోపం వస్తే వాడికి చెయ్యి ముందు, మాట తర్వాత. ఒక లారీ డ్రైవరు దవడ విరగ్గొట్టి జైలుకి పోయి, ఆ వేసవికి కాస్త ముందే బయటికొచ్చాడు. ఇంకోసారి ఎవరి మీదైనా చెయ్యి పడిందని తెలిస్తే ఏళ్ళ తరబడి లోపలే ఉంటావని జడ్జి మొహం మీదే చెప్పాడు. వాడు గుమ్మంలో అడుగు పెట్టినప్పుడే నేను నిశ్చయించుకున్నాను, కొంప మునిగినా సరే, వీడి చెయ్యి ఎవరి మీదా పడనివ్వకూడదని. లేచింది మొదలు చెవిలో ఇల్లు కట్టుకుని పోరేదాన్ని. “సరే వదినా, సరే తల్లీ, వదిలిపెట్టు,” అనేవాడు.

మా మీద ఫిర్యాదు ఇచ్చింది ఎదురింటి దర్జీ. ఆ సంగతి ఆయన దాచుకోలేదు కూడా. కుట్టి ఉంచిన కోటొకటి పట్టుకుని తనే మా షెడ్డులోకి వచ్చాడు. జేబు దగ్గర అరచెయ్యంత కన్నం.

“చూడమ్మా! మీ కార్ల సీట్లలో ఎలుకలు కాపురాలు పెట్టాయి. పడక అక్కడ, భోజనం నా కొట్లో. మీ ఆయనకి చెప్పాను, మీ అత్తగారికి చెప్పాను, విన్న పాపాన పోలేదు. అందుకే ఫిర్యాదు ఇచ్చాను. నేనే ఇచ్చాను. దొంగచాటు పని నాకు చేతకాదు.”

ఆయన మాటలో నాకు తప్పేం కనిపించలేదు. ఏదో సర్దిచెప్పబోయేలోగా కారు కింద పడుకుని పనిచేస్తున్న మరిది బయటికి దొర్లాడు.

“నువ్వా ఇచ్చింది?”

దర్జీ వెనక్కి అడుగేశాడు. మరిది వెంటపడ్డాడు. వీధి దాటేలోపే చేతిలో పానా ఎగిరి దర్జీ కొట్టు అద్దానికి తగిలింది. అద్దమంతా భళ్ళున కుప్పకూలింది. లోపల దర్జీ భార్య కేక పెట్టింది. మరిది ఆయన్ని కాలర్ పట్టుకుని, మునివేళ్ళ మీద నిలబడేలా గోడకి ఎత్తిపట్టాడు.

“మా బండి ఒక్కటి ఎత్తించావో, ఆ పసుపు వ్యాను నీ మీదకే తోలతా! కత్తెరతో సహా నలిగిపోతావ్!”

వీధిలో వినని చెవి లేదు. ఇంజినే లేని వ్యానుని ఎలా తోలతావురా అని అడగడానికి ఆ క్షణాన ఎవరికీ నోరు రాలేదు. వాడి రెండో చెయ్యి పిడికిలి బిగుసుకుంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. “ఒరేయ్!” అని అరిచాను. వాడికి వినిపించిందో లేదో కానీ ఆ పిడికిలి గాలిలో ఆగింది.

అంతలో మా ఆయన వచ్చాడు. నోట్లో నాలుక లేని మనిషని ఆయనకి పేరు. చేతిలో పాత ఫ్యాను బెల్టు ఉంది. తమ్ముణ్ణి జుట్టు పట్టి వెనక్కి లాగి, వీధి మధ్యలో పడేసి ఆ బెల్టుతో కొట్టడం మొదలుపెట్టాడు. వీపు మీద, భుజాల మీద, ఎక్కడ పడితే అక్కడ. మరిది మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడే తప్ప ఒక్క దెబ్బకీ చెయ్యి అడ్డు పెట్టలేదు. చొక్కా చిరిగి రక్తం కనిపించినా ఈయన ఆపలేదు. నేను మధ్యలో దూరితే ముంజేతి మీద నాకూ ఒకటి తగిలింది. అప్పుడు ఆగాడు.

“వాడు దెబ్బ వెయ్యలేదుగా! ఆపుకున్నాడుగా!” అన్నాను.

“ఈసారి ఆపుకున్నాడు,” అని బెల్టు మేకుకి తగిలించి పనిలోకి పోయాడు.

ఆనాటి నుంచి అన్నదమ్ములకి మాటల్లేవు. ఒకే షెడ్డులో పక్కపక్కనే పనిచేసేవారు. ఏదన్నా కావాలంటే నా ద్వారానో మా అత్తగారి ద్వారానో కబురు. “వదినా, అన్నయ్యని ఆ జాకీ ఇటివ్వమను.” అన్నయ్య చేతికందేంత దూరంలోనే ఉండేవాడు. మామూలప్పుడైతే నవ్వొచ్చేది.

మాటల్లేకపోయినా తెల్లవారుజామున మాత్రం ఇద్దరూ కలిసి బండ్లు కదిపేవారు. సుద్దముక్క గీసిన గీతలు చెదరాలంటే వేరే దారి లేదు. చక్రాలున్న బండ్లని ఒకరోజు బారెడు కిందికి వదలడం, మర్నాడు పైకి తొయ్యడం. వాలు వీధి కాబట్టి ప్రతి బండి ముందు చక్రానికీ ఒక రాయి అడ్డం ఉండేది. మా షెడ్డులో మామగారి కాలం నుంచీ ఒక పద్ధతి ఉంది. రాయి తీసినవాడే మళ్ళీ పెట్టాలి. పెట్టి, “రాయి!” అని గట్టిగా అరవాలి. ఆ మాట వినేదాకా రెండోవాడు బండి వదలకూడదు. మాటలు మానేశాక ఆ అరుపు కూడా పోయింది. రాయి చక్రానికి ఆనిన చప్పుడు వినే మరిది చెయ్యి తీసేవాడు.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం క్రేను వచ్చింది. ఇటుకల మీదున్న కారు కోసం. ఎండకి రోడ్డు తారు చెప్పులకి అంటుకుంటోంది. మా ఆయన పోయి ఆ కారులో కూర్చుని తలుపు వేసుకున్నాడు. క్రేనువాళ్ళు కాళ్ళు పట్టి ఈడ్చారు. ఆయన స్టీరింగ్ పట్టుకుని వేలాడితే వేళ్ళ మీద బూటుతో తొక్కారు. సుద్దముక్క “వద్దయ్యా, కొట్టకండయ్యా” అంటూ చుట్టూ తిరుగుతున్నాడు, ఆయన మాట వినేవాడెవడు? అదే అదనుగా దర్జీ అల్లుడు దిగాడు. మామగారి కాలర్ పట్టుకున్నారన్న కచ్చ ఉంది కదా, బట్ట కొలిచే ఇనుప బద్ద తీసుకుని మా ఆయన మొహం మీద ఒక్కటిచ్చాడు. కనుబొమ్మ చీలి రక్తం కంట్లోకి కారింది. కింద పడ్డాక కూడా కడుపులో తన్నాడు.

మరిది షెడ్డు గుమ్మంలో ఉన్నాడు. చేతిలో సుత్తి. వాడు నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. కట్టుకున్న మొగుడు నేల మీద దెబ్బలు తింటుంటే నేను అలా ఊపాను మరి, ఏం చెయ్యను? వాడు కింది పెదవి కొరుక్కుంటూ సుత్తిని మెల్లగా బల్ల మీద పెట్టాడు. గడ్డం మీదికి రక్తం కారుతోంది, తన పళ్ళు దిగిన రక్తమే. తర్వాత వెళ్ళి అన్నకీ అల్లుడికీ మధ్య వంగి, తన్నులన్నీ తన వీపు మీద వేయించుకున్నాడు. ఒక్క చెయ్యి ఎత్తలేదు. నాకు ఏడుపూ గర్వమూ కలిసి వచ్చాయి. వీడు మారాడు, ఇక నాకు భయం లేదనుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, ఇంకా పూర్తిగా వెలుగు రాని వేళ, నేను పంపు దగ్గర బిందె పెట్టుకుని కూర్చున్నాను. అన్నదమ్ములు వ్యాను దగ్గరికి వచ్చారు. మరిది కిటికీలోంచి చెయ్యి పెట్టి, కింది బండ్లకి తగలకుండా స్టీరింగ్ వీధి మధ్యకి తిప్పి పట్టుకుని, భుజం తలుపుకి ఆనించాడు. మా ఆయన వంగి ముందు చక్రం కింద రాయి తీశాడు. అప్పుడే దర్జీ తన గుమ్మం మెట్టు దిగాడు.

“రోజూ ఈ దొంగాటేనా? ఇవాళ సుద్దముక్కని పిలిచి ఇక్కడే కూర్చోబెడతా, కదపండి చూద్దాం! మొన్న మా అల్లుడు పెట్టింది చాల్లేదా మీకు?”

“ఏంటన్నావ్?” అని మరిది స్టీరింగ్ వదిలేసి వీధి దాటాడు.

వాడు కొడతాడనే మా ఆయన అనుకుని ఉంటాడు. నేనూ అదే అనుకున్నాను. రాయి చేతిలో పట్టుకునే ఆయన తమ్ముడి వెనక పరిగెత్తి, ఒక చేత్తో నడుం వాటేసుకున్నాడు. “వదులు అన్నయ్యా, నేనేం చెయ్యను, మాట్లాడతా అంతే,” అని మరిది గింజుకుంటున్నాడు. ఎన్ని రోజుల తర్వాతో అన్నని అన్నయ్యా అని పిలిచాడు. దర్జీ వేలు చూపిస్తూ తిడుతున్నాడు. వెనకాల వ్యాను సంగతి ముగ్గురికీ పట్టలేదు.

ఇంజిను లేని బండికి చప్పుడు ఉండదు. గాలి తగ్గిన టైర్లు మొదట తటపటాయించాయి, తర్వాత కదిలాయి, ఆ తర్వాత ఇక ఆగలేదు. నేను బిందె వదిలేసి అరిచాను. అన్నదమ్ములిద్దరూ చెరో పక్కకి దూకారు. దర్జీ వెనక్కి దూకాడు, వెనకాల ఆయన ఇంటి రాతి మెట్టే ఉంది. వ్యాను ముక్కు ఆయన తొడని ఆ మెట్టుకేసి నొక్కేసింది. ఎముక విరిగిన చప్పుడు పంపు దగ్గర నాకు వినిపించింది. ఆ తర్వాత ఆయన అరిచిన అరుపు ఇప్పటికీ నాకు వినిపిస్తూనే ఉంటుంది.

ముందు కదిలింది మరిదే. వీపు బంపరుకి ఆనించి, కాళ్ళు మెట్టుకి తన్నిపెట్టి, నరాలు తెగిపోయేలా వ్యానుని వెనక్కి తోస్తున్నాడు. “లాగండి! ఆయన్ని లాగండి!” అని అరుస్తున్నాడు. వీధి జనమంతా బయటికి వచ్చేసరికి వాళ్ళకి కనిపించిందల్లా ఒక్కటే, కింద నలిగిన దర్జీ, వ్యాను మీద మా మరిది చేతులు.

మా ఆయన కాలవ అంచున నిలబడి ఉన్నాడు. రాయి ఇంకా చేతిలోనే ఉంది. దాని వంక ఒకసారి చూసుకున్నాడు. తర్వాత మెల్లగా మురికి కాలవలోకి జారవిడిచి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

పోలీసులు పెద్దగా శ్రమ పడలేదు. అన్నంత పనీ చేశాడు అని వీధి వీధంతా చెప్పింది. దర్జీకి స్పృహ లేదు. వచ్చాక కూడా తను చక్రం వైపు చూడలేదనే చెప్పాడట. స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టాడు.

“రాయి తీసిందెవరు?”

మరిది అన్న వైపు చూశాడు. “అన్నయ్య చెప్తాడు,” అన్నాడు.

మా ఆయన కనుబొమ్మ మీది కట్టు తడుముకున్నాడు. “చూడలేదండీ. వీడు ఆయన మీదికి పోతుంటే ఆపడానికి పరిగెత్తాను. రాయి సంగతి నాకు తెలీదు.”

మరిదిని లోపలికి తీసుకుపోయారు. కాసేపటికి లాఠీ దెబ్బలు వినిపించాయి, వాడి అరుపు వినిపించలేదు. మా అత్తగారు చెవులు మూసుకుంది. నేను మా ఆయన్ని చూస్తూ నిలబడ్డాను. ఆయన బయట స్కూటర్లు లెక్కపెడుతున్నట్టు అటే చూస్తున్నాడు.

ఆ సాయంత్రం ఆయనకి భోజనం పెట్టి ఎదురుగా కూర్చున్నాను.

“రాయి మీ చేతిలో ఉంది. కాలవలో వెయ్యడం చూశాను.”

“నెమ్మదిగా మాట్లాడు.”

“మీరు చెప్తే అది పొరపాటు అవుతుంది. తమ్ముణ్ణి ఆపబోయి మర్చిపోయాడంటారు, కొన్ని నెలలు వేస్తారు. చెప్పకపోతే వాడిది హత్యాయత్నం. ఈసారి వాడు బయటికొచ్చేసరికి ముసలాడైపోతాడు. తెలుస్తోందా?”

“నేను లోపలికి పోతే షెడ్డెవరు చూస్తారు? మిమ్మల్నెవరు చూస్తారు?” ముద్ద కలుపుతూ అన్నాడు. “వాడికైతే జైలు అలవాటే కదే.”

ఏం చేశానో నాకే తెలీదు. ఆయన కంచం గోడకి తగిలి సొట్టపోయింది, కూరంతా కారింది. ఆయన లేచి నా జబ్బ పట్టుకుని తలుపుకేసి తోశాడు. తల వెనక్కి తగిలి కళ్ళు బైర్లు కమ్మాయి.

“నువ్వు మనిషివేనా?” అన్నాను. అన్నేళ్ళ కాపురంలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. “నీ మీద పడాల్సిన తన్నులు వాడు తిన్నాడు కదరా!”

మా అత్తగారు వంటింటి గడప మీద కూర్చుని అంతా విన్నది. ఆమె వైపు తిరిగాను. “ఇద్దరూ నా కడుపున పుట్టినవాళ్ళే,” అని ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుంది. “నన్నేం అడక్కు తల్లీ.”

మర్నాడు పొద్దున్నే ఆయన్ని లేపాను. “చొక్కా వేసుకో. స్టేషనుకి పోదాం. నువ్వే చెబుదువుగాని.” ఆయన దుప్పటి ముసుగు పెట్టుకుని అటు తిరిగి పడుకున్నాడు. చాలాసేపు నిలబడ్డాను. ముసుగు కదల్లేదు. నేనొక్కదాన్నే వెళ్ళాను.

“కట్టుకున్నవాడి మీదే చెప్తున్నావమ్మా,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “తెలిసే చెప్తున్నావా?”

“తెలిసే చెప్తున్నాను. కాలవలో వెతికించండి. గ్రీజు పట్టి నల్లగా ఉంటుంది.”

రాయి దొరికింది. మా ఆయన్ని తీసుకొచ్చారు. నన్ను దాటి లోపలికి పోతూ ఒక్క క్షణం ఆగాడు.

“షెడ్డుకి తాళం వేశావా?” అన్నాడు.

“వేశాను,” అన్నాను.

సాయంత్రానికి మరిదిని వదిలేశారు. నేను నీళ్ళు కాచి ఉంచాను. వాడు ఇంట్లోకి వచ్చాడు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది, అరికాళ్ళు నేలకి ఆనించలేక గోడ పట్టుకుని నడుస్తున్నాడు. “రారా నాయనా,” అని ఎదురెళ్ళాను.

వాడు నన్ను కొట్టాడు. పూర్తి చేత్తో, చెంప మీద. నేను పోయి నీళ్ళ గంగాళం మీద పడ్డాను.

“అన్నయ్యని పట్టిస్తావా? నువ్వు? అన్నయ్య తనంతట తనే వచ్చి చెప్పేవాడు! ఒక్కరోజు ఆగితే నీ సొమ్మేం పోయింది?”

జైలు అలవాటే కదే అని మా ఆయన అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళ సందున రక్తం ఉంది, దానితో పాటు మింగేశాను.

సరిగ్గా అప్పుడే తలుపు చప్పుడైంది. స్టేషన్నుంచి కానిస్టేబుల్. వీడు బుద్ధిగా ఉంటాడని నేను పూచీ ఉన్నట్టు సంతకం కావాలట. కాగితం ఇవ్వబోయి నా మొహం చూశాడు. వేళ్ళ అచ్చులు తేలి ఉంటాయి.

“ఏమైందమ్మా? ఎవరు కొట్టారు?” అని నా భుజం మీదుగా మరిది వైపు చూశాడు. “చెప్పు, భయపడకు. ఇప్పుడే తీసుకుపోతాను.”



“నిన్న మా ఆయనండీ,” అన్నాను. “తలుపుకేసి తోశాడు.”

ఆయన సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. తలుపు గడియ వేశాను. వెనక్కి తిరిగి, నాకున్న బలమంతా పెట్టి మరిది చెంప మీద కొట్టాను. చాలక ఇంకోటి కొట్టాను. ఈ వేసవంతా నేను పడ్డ భయమంతా ఆ చేతిలోకే వచ్చింది.

“కొట్టు!” అన్నాను. “చెయ్యుందిగా, మళ్ళీ కొట్టరా!”

వాడి చేతులు రెండూ కిందికే వేలాడుతున్నాయి. తెరిచి ఉన్న కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

“చెప్పేవాడే కదా వదినా?” అన్నాడు. “అన్నయ్య వచ్చేవాడే కదా?”

“వచ్చేవాడేరా,” అన్నాను. “అప్పటికే చొక్కా వేసుకుంటున్నాడు. నేనే ఆగలేకపోయాను.”

వాడు తల ఊపి, గోడ పట్టుకుంటూ స్నానానికి వెళ్ళాడు.